ఫ్లైవీలు చెక్కిన మొనగాడు

నేను ముప్ఫై ఏళ్లు కార్లు బాగుచేశాను. ఆ కార్లన్నీ వరసగా నిలబెడితే నిడదవోలు నుంచి సామర్లకోట దాకా వస్తాయని నా అంచనా. మా ఆవిడ అంచనా ప్రకారం మా వీధి చివర కిళ్లీకొట్టు దాకా వస్తాయి, అందులోనూ సగం ఒకే కారు మళ్లీ మళ్లీ వచ్చినవి. నిజం ఈ రెండిటికీ మధ్య ఎక్కడో, కిళ్లీకొట్టుకి కాస్త దగ్గరగా ఉంటుంది.

మోకాళ్లు మొరాయించి యాభై నాలుగో ఏట షెడ్డు మూసేశాక, పాలకొల్లు చుట్టుపక్కల కుర్ర మెకానిక్కులు అప్పుడప్పుడు సలహాకి వస్తున్నారు. వాళ్లకి నా విజయాలు చెప్పడం మొదలుపెడితే జేబుల్లోంచి ఫోన్లు తీసేవారు. అందుకని ఈమధ్య ఓటములు చెబుతున్నాను. ఫోన్లు మళ్లీ జేబుల్లోకి వెళ్లిపోయాయి. వాళ్లు పదే పదే అడిగేది ఫ్లైవీలు సంగతి. ఒకసారి రాసి పెట్టేస్తే నా గొంతుకి విశ్రాంతి దొరుకుతుందని రాస్తున్నాను తమ్ముళ్లూ, చదువుకోండి. నవ్వొస్తే నవ్వండి, రేవులో వంద మంది నవ్వేశాక ఇప్పుడు మీదో లెక్కా!

ఫ్లైవీలంటే ఇంజిన్ వెనక బిగించే బరువైన ఇనప చక్రం. కుమ్మరి సారె చూసే ఉంటారు. ఒకసారి తిప్పి వదిలితే కుమ్మరి బీడీ ముట్టించుకుని వచ్చేదాకా తిరుగుతూనే ఉంటుంది. దాన్ని తిప్పేది దాని బరువే. ఇంజిన్ కొట్టే ఒక్కో దెబ్బలోంచి కాస్త బలం దాచుకుని, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఇంజిన్ చతికిలబడకుండా పట్టుకునేది ఫ్లైవీలే. దాని బరువు తగ్గిస్తే ఇంజిన్ చురుగ్గా లేస్తుంది. అంతే చురుగ్గా పడిపోతుంది కూడా. ఈ రెండో ముక్క నేను ఫోన్లో చూసిన వీడియోలోనూ ఉందట. అది చెప్పే సమయానికి నేను వీడియో ఆపేసి ఇనుము చెక్కే లేతు మిషను వైపు పరిగెడుతున్నాను.

ఇక అసలు సంగతి. ఒక రోజు పొద్దున్నే మా షెడ్డు ముందు మీగడ రంగు బుల్లి కారొకటి ఆగింది. గుండ్రటి కళ్లు, ఉబ్బిన బుగ్గలు, నాకంటే వయసులో పెద్దది. స్టీరింగు దగ్గర కూర్చున్నది నాకు ఏడో తరగతిలో లెక్కలు చెప్పిన టీచరుగారు. తర్వాత హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. భర్త పోయి మూడేళ్లు. కారు ఆయనది.

"ఏరా, ఉన్నావా?"

"ఆయ్, ఉన్నానండి టీచరుగారూ."

"స్టార్ట్ చేస్తే కర్రుమంటోంది. పళ్లు అరిగిపోయాయేమో చూడు. క్లచ్ కూడా చూడు."

స్టార్టరు తిప్పడానికి ఫ్లైవీలు చుట్టూ ఒక పళ్ల చక్రం ఉంటుంది. అవి అరిగిపోయాయి. చిన్న పని. ఆవిడ ముక్కాలిపీట మీద కూర్చుని పరిస్థితి చెప్పారు.

"మా మరిది ఈ బండి అడుగుతున్నాడురా. రొయ్యల చెరువుల పక్కన రిసార్టు కడుతున్నాడు కదా, గేటు దగ్గర దిమ్మ కట్టి దాని మీద పెడతాడంట. అందరూ ఫోటోలు దిగుతారంట. అరవై నాలుగేళ్లదాన్ని, నేనింక తోలకూడదంట. నేనొక మాటన్నాను. కోతపండగనాడు మీ అన్నయ్య వెళ్లినట్టే, ఇక్కణ్ణించి గోదారి అవతలి ఒడ్డున మన ఊరి చర్చి గుమ్మం దాకా ఎవరి చెయ్యీ పడకుండా తోలుకొస్తాను. దారిలో ఆగిపోయిందా, తాళం నీ చేతిలో పెట్టేస్తాను. ఆగలేదా, ఇంకెప్పుడూ అడక్కు అన్నాను. ఒప్పుకున్నాడు."

"అమ్మో."

"అమ్మో ఏంటి! బండి ఆగకూడదు. అంతే నాక్కావలసింది."

"ఆగడమా! ఎగురుద్దండి టీచరుగారూ!"

"ఎగరక్కర్లేదు."

ఆ చివరి మాట నా చెవి దాకా వచ్చి, లోపల ఖాళీ లేక వెనక్కి వెళ్లిపోయింది.

మా షెడ్డు పక్కనే లేతు మిషను. దాన్ని నడిపే ఆయన నాకంటే పదేళ్లు పెద్ద, బాబాయ్ అని పిలిచేవాణ్ణి. రోజుకి పది మాటలకి మించి మాట్లాడేవాడు కాదు. మిగతావి ఆయన తరఫున కూడా నేనే మాట్లాడేసేవాణ్ణి. ఇరవై ఏళ్లు అలా సర్దుకుపోయాం. గేరుబాక్సు దింపి, ఫ్లైవీలు విప్పి, చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఆయన దగ్గరికి పట్టుకెళ్లాను. చేపల కాటా మీద పెట్టాం. ఎనిమిది కేజీలు. ఊళ్లో నేను పన్నెండని చెప్పాను.

"పళ్లు మార్చాలి. ముఖం కాస్త చదును చెయ్యాలి. అంతేగా?" అన్నాడు బాబాయ్.

"అంతేనా! ఎలాగూ లేతు ఎక్కుతోంది కదా బాబాయ్. కొంచెం కండ తీసేద్దాం. ఫారిన్లో పాత బుల్లి కార్లన్నిటికీ ఇదే చేస్తారంట. ఇంజిన్ చిరతపులిలా లేస్తాదంట."

ఆయన సుద్దముక్క తీసి చక్రం మీద రెండు గీతలు గీశాడు.

"ఈ గీత దాకా తీస్తే కేజీ పోద్ది. కాస్త హుషారొస్తాది, బండి బండిలాగే ఉంటాది. లోపలి గీత దాకా తీస్తే ఇంచుమించు సగం పోద్ది. అంతకంటే తీస్తే పగిలి నీ కాళ్ల మీద పడద్ది, నేను తియ్యను."

బుద్ధి ఉన్నవాడు పై గీత చూస్తాడు. నేను లోపలి గీతనీ, గోదావరి జిల్లాల్లో ఇలాంటి పని చేసిన మొదటి మెకానిక్కుగా మెళ్లో దండతో నన్నూ చూశాను.

"సగం తీసెయ్ బాబాయ్."

"ఆవిడ ఏ దారిన వెళ్తారంట?"

"దారడగడానికి నేనేమైనా ఆటో తోలుతున్నానా? చించినాడ వంతెన ఉంది కదా. అందరూ అలాగే వెళ్తారు."

"అడిగావా?"

"అడగక్కర్లేదు."

బాబాయ్ మిషను ఆన్ చేశాడు. ఆ రోజుకి ఆయన మాటల కోటా మించిపోయింది.

బిగించాక బండిని వంతెన రోడ్డు మీద పరీక్షించాను. అబ్బో, ఏం చెప్పమంటారు! యాక్సిలరేటరు మీద చెప్పు ఆనిస్తే చాలు, ఇంజిన్ తుళ్లిపడి లేచేది. రొయ్యల లారీలు భయపడి పక్కకి తప్పుకున్నాయి. చెరువుగట్టు మీద కొంగలు ధ్యానం మానేసి నా వైపు చూశాయి. లారీలు తప్పుకున్నది ఎదురుగా గేదెలొచ్చి అని మా ఆవిడ అంటుంది. ఆవిడ అప్పుడు బండిలో లేదు, ఉంటే నా పక్షాన సాక్ష్యం చెప్పేదేమో. మెల్లగా నడిపి చూడాలన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు. ఈత నేర్చుకున్నవాణ్ణి నీళ్లలో నించుని చూపించమంటారా ఎవరైనా?

శనివారం సాయంత్రం టీచరుగారు వచ్చి బండిని వీధి చివరిదాకా తోలి వెనక్కి తెచ్చారు.

"ఏంట్రా ఇది, ఉలిక్కిపడుతోంది?"

"కొత్త రక్తమండి."

"నేను రక్తం ఎక్కించమన్నానా? పళ్లు కట్టమన్నాను."

"రెండ్రోజుల్లో అలవాటైపోద్దండి."

"రెండ్రోజులెక్కడున్నాయి? పండగ రేపే."

"రేపు నేను కూడా వస్తానండి పక్కన."

నా గొప్పతనాన్ని కళ్లారా చూసుకుందామనే బయల్దేరాను. దేవుడు నాకు ఆ అవకాశం పూర్తిగా ఇచ్చాడు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. కోతపండగకి లూథరన్ చర్చిలో పంటలూ పళ్లూ కానుకగా ఇస్తారు, తర్వాత వేలం వేస్తారు. వెనక సీటు నిండా టీచరుగారి కానుకలు: రెండు అరటిగెలలు, మూడు గుమ్మడికాయలు, ఒక గోనెడు కొబ్బరికాయలు, కాళ్లు కట్టేసిన ఒక పుంజు. పుంజు ముఖం సరిగ్గా నా చెవి వెనక ఉంది. మా వెనకే మరిదిగారు, రెండు గదుల ఇల్లంత తెల్ల బండిలో. ఆయన పందెం గెలవడానికి వచ్చాడని ఆ ఉదయం నా గట్టి నమ్మకం.

పాలకొల్లు దాటుతూ, వంతెన వైపు తిరగాల్సిన చోట ఆవిడ నర్సాపురం రోడ్డు పట్టారు.

"టీచరుగారూ, వంతెన అటండి."

"వంతెన వంతెన చోటే ఉంటుంది. మా ఆయన ఎప్పుడూ రేవు దాటే వెళ్లేవారు. ఆయన వెళ్లినట్టే వెళ్తానని కదా అన్నాను, నీకు చెప్పలేదూ?"

చెప్పారు. నా ముక్కాలిపీట మీద కూర్చుని, నా ముఖంలోకి చూసి మరీ చెప్పారు. నేను అప్పుడు మనసులో దండ సవరించుకుంటున్నాను.

నర్సాపురం రేవులో వశిష్ఠ గోదావరి దాటించేది పంటు. రెండు పడవలు కలిపి పైన చెక్కలు పరిచిన వేదిక లాంటిది. ఒడ్డు నుంచి దాని మీదికి ఏటవాలుగా బలమైన పలకలు వేస్తారు. కార్లు వాటి మీదుగా ఎక్కాలి. అవతలి చివర ఒక గొలుసు అడ్డంగా కట్టి ఉంటుంది. గొలుసు తర్వాత గోదావరే. అందుకని ఈ ఒడ్డున బండి తోలేవాళ్లందరికీ ఒక పద్ధతి ఉంది. పలకల మీద యాక్సిలరేటరు ముట్టుకోరు. మొదటి గేరులో క్లచ్ మెల్లగా వదిలి, ఇంజిన్ దానంతటది పాకుతూ పోతుంటే చక్రాలు పలకల మీద ఉన్నాయో లేదో చూసుకుంటారు. టీచరుగారికి భర్త నేర్పిందీ అదే. అలా పాకాలంటే ఇంజిన్‌కి కావలసింది ఏమిటో ఈపాటికి మీకు తెలిసిపోయి ఉంటుంది. దాంట్లో సగం మా లేతు మిషను కింద ఇనప రజనుగా పడి ఉంది.

పంటు నడిపే సరంగు చెయ్యి ఊపాడు. టీచరుగారు ముందుకి వంగి, క్లచ్ వదిలారు. ముందు చక్రాలు పలకలు ఎక్కాయి. ఇంజిన్ ఒకసారి దగ్గింది. చచ్చింది.

మళ్లీ స్టార్ట్ చేశారు. ఎక్కింది, వణికింది, చచ్చింది. మూడోసారి చచ్చినప్పుడు నా చెవి వెనక పుంజు కూత పెట్టింది. నాలుగోసారికి బండి జానెడు వెనక్కి జారింది. వెనక వరసలో మోటారుసైకిళ్ల వాళ్లు హారన్లు మొదలుపెట్టారు.

"కొంచెం యాక్సిలరేటరివ్వండి!" అన్నాన్నేను.

"గోదాట్లోకా?" అన్నారావిడ, నా వైపు చూడకుండా.

"తొయ్యమంటారేంటండీ అమ్మగారూ?" సరంగు అరిచాడు.

"ఎవరూ చెయ్యెయ్యొద్దు!" అన్నారు టీచరుగారు.

మరిదిగారు వెనక నుంచి నడుచుకుంటూ వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"ఏంట్రా దీనికి?" అని అడిగారావిడ నన్ను.

తమ్ముళ్లూ, అప్పుడు నా నోట్లో జవాబు సిద్ధంగా ఉంది. మన వృత్తిలో తరతరాలుగా వస్తున్న జవాబు. అది అనేశాను కూడా. "పాత బండి కదండీ. ఇంజిన్‌కి వయసైపోయింది."

ఆవిడ స్టీరింగు మీద నుంచి చేతులు తీసేశారు. తాళం తిప్పి బయటికి లాగారు.

"సరేరా. నువ్వు చెబుతున్నావు కాబట్టి ఒప్పుకుంటాను" అని, కిటికీలోంచి మరిదిగారి వైపు తాళం చాపారు. "తీసుకోవయ్యా. వయసైపోయిందంట. మాట మాటే."

ఆయన చెయ్యి చాపలేదు. జేబులోనే ఉంచుకున్నాడు. ఆవిడ చెయ్యి అలా గాల్లోనే ఉంది. వేళ్ల రాపిడికి నున్నబడ్డ, తాళానికున్న ఇత్తడి గొలుసు ఊగుతోంది.

నేను బండి దిగాను. ఎందుకు దిగానో తెలియదు, పరిగెత్తడానికే అయ్యుంటుంది. బండి చుట్టూ తిరిగి ఆ తాళం దగ్గరికే వచ్చాను.

"వయసు కాదండి" అన్నాను. "నేనండి. ఫ్లైవీలు సగం కోయించేశాను. ఆవిడ అడగలేదు. దారి అడిగావా అని బాబాయ్ అన్నాడు. ఎనిమిది కేజీలది నాలుగుంపావుకి దింపాను. ఇంజిన్ బంగారమండి. ఈ పలకలెక్కాలని నాకు తెలీదు. నేను దారి అడగలేదు."

నా జీవితంలో అంత పొట్టి ఉపన్యాసం నేనెప్పుడూ ఇవ్వలేదు. బరువులు కూడా కాటా చెప్పినవే చెప్పాను. గ్రాము పెంచలేదు.

ముందు సరంగు నవ్వాడు. "పంటెక్కే బండికి చక్రం కోసేసినోడు ఎవడండీ బాబూ!" అని వెనకవాళ్లకి అందించాడు. వాళ్లు వాళ్ల వెనకవాళ్లకి అందించారు. చివరి మోటారుసైకిలు దగ్గరికి చేరేసరికి నేను కారు చక్రాలే సగానికి కోసేసినట్టు తేలింది. జీవితమంతా నేను ఇతరులకి చేసింది ఆ రోజు రేవు నాకు చేసింది.

టీచరుగారు నవ్వలేదు. "ఏడో తరగతిలోనూ ఇంతే నువ్వు. ప్రశ్న సగం చదివి జవాబు రాసేసేవాడివి. మొత్తం చదివుంటే ఎప్పుడో ఇంజనీరయ్యేవాడివి" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "ఇందాక అబద్ధమెందుకు చెప్పావురా? నేను దీన్ని ఇచ్చేసేదాన్ని" అన్నారు.

మిగతాదంతా హాస్యంగా రాయగలను, ఆ తాళం పట్టుకున్న చెయ్యి దగ్గరికొస్తే మాత్రం కలం సరిగ్గా నడవదు.

మరిదిగారు అప్పటికి నోరు విప్పాడు. "వదినగారూ, ఇది లెక్కలోకి రాదు. మెకానిక్కు ఓడిపోయాడు, బండి కాదు. వచ్చే ఆదివారం మళ్లీ రండి."

"నీకు బండి వద్దా ఏంటి?"

"నాకు బండి మీద మోజేముంటాదండీ? ఏ చెరువుగట్టు మీదో ఇది ఆగిపోయి మీరొక్కరూ నిలబడిపోతే, అన్నయ్యకి నేనేం చెప్పుకోను?" అని ముఖం గోదావరి వైపు తిప్పేసుకున్నాడు. పొద్దుట్నుంచి నేను విలన్‌గా నిలబెట్టిన మనిషి ఇలా అర్ధంతరంగా మారిపోతే ఎలాగో నాకు అర్థం కాలేదు.

ఆ రోజు అందరూ కలిసి బండిని తోసి పంటెక్కించారు. అందరికంటే ఎక్కువ తోసింది నేనే. తిరుగు ప్రయాణంలో వంతెన మీదుగా వచ్చాం. వంతెన మీద బండి విమానంలా పోయింది. నేను ఆ మాట పైకి అనలేదు.

కోసిన చక్రానికి మళ్లీ కండ రాదు. అలాంటిదే ఇంకొకటి వెతకాలి. మూడు రోజులు తణుకు, భీమవరం, తాడేపల్లిగూడెం పాత ఇనప కొట్లన్నీ తిరిగాను. చివరికి నిడదవోలులో దొరికింది. అక్కడ ఒక సోడాబండి ఆయన దాన్ని నేల మీద పెట్టి, మధ్య కన్నంలో తన పెద్ద గొడుగు గుచ్చుకున్నాడు.

"అది ఫ్లైవీలండి!" అన్నాను ఆనందం పట్టలేక.

"ఏదైతే ఏంటండీ, గాలికి గొడుగు పడిపోవట్లేదు. ఇవ్వను."

పాత రంగుడబ్బాలో సిమెంటు పోసి, మధ్యలో గొట్టం నిలబెట్టి, ఆరబెట్టి, మర్నాడు మోసుకెళ్లి ఇస్తే అప్పుడు ఇచ్చాడు. ఆయన గొడుగుని రెండు చేతులా ఊపి చూసుకుని మరీ ఇచ్చాడు. పని అప్పగించే ముందు ఏ పరిస్థితిలో వాడతారో ఆ పరిస్థితిలోనే పరీక్షించాలని నాకు నేర్పిన గురువు ఆయనే.

బాబాయ్ దాన్ని లేతు మీద పెట్టి, అలవాటుగా సుద్దముక్క తీశాడు. "ఎంత తియ్యమంటావు?"

"తుప్పు."

ఆయన నవ్వడం ఇరవై ఏళ్లలో అప్పుడే చూశాను. ముందు పన్ను ఒకటి లేదని కూడా అప్పుడే తెలిసింది.

బిగించాక ఈసారి పరీక్ష వేరే పెట్టాను. షెడ్డు గుమ్మానికి పలకలు ఏటవాలుగా వేసి, యాక్సిలరేటరు ముట్టుకోకుండా ఎక్కించాను, దింపాను. నలభైసార్లని కుర్రాళ్లకి చెబుతుంటాను. తొమ్మిదిసార్లు.

రెండో ఆదివారం టీచరుగారు నన్ను ఎక్కించుకోలేదు. "నువ్వు పక్కనుంటే బండికి భయంరా" అన్నారు. బస్సులో రేవుకి వెళ్లి ఒడ్డున నించున్నాను. మీగడ రంగు బండి వచ్చింది. వెనకే తెల్ల బండి వచ్చి పలకల మొదట్లో ఆగింది. మరిదిగారు దిగి నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"ఎక్కుద్దంటావా?"

"ఎక్కుద్దండి" అన్నాను. నా గొంతులోంచి ఎవరో వేరే మనిషి మాట్లాడాడు.

క్లచ్ వదిలారావిడ. డుగు, డుగు, డుగు. ముక్కు పైకి లేచింది. ఇంజిన్ చప్పుడు తగ్గింది, ఇంకా తగ్గింది, ఒక్కో దెబ్బా విడివిడిగా లెక్కపెట్టుకునేంత నెమ్మదించింది. మరిదిగారి చెయ్యి నా భుజం మీద పడింది, గట్టిగా నొక్కింది. బండి ఆగలేదు. గర్భిణి మెట్లెక్కినట్టు ఒక్కొక్క అంగుళం చూసుకుంటూ ఎక్కింది. వెనక చక్రాలు చెక్కల మీదికి దొర్లాయి. గొలుసుకి మూడడుగుల దూరంలో నిలబడింది.

రేవంతా ఊపిరి వదిలింది. రేవుకి సంగతి అంతా తెలుసు మరి, వారం రోజులుగా దానికి వేరే కబురు లేదు.

టీచరుగారు కిటికీలోంచి తల బయటికి పెట్టారు. "ఏమయ్యా, అక్కడే నిలబడతావా? పక్క సీటు ఖాళీగా ఉంది. రా!"

మరిదిగారు పంచె ఎగ్గట్టి పలకల మీద పరుగెత్తాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, ఆ బుల్లి తలుపులోంచి మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని లోపలికి దూరాడు. ఆ హడావుడిలో పంటు కదిలిపోయింది.

అప్పుడు చూశాం. రెండు గదుల ఇల్లంత తెల్ల బండి పలకలకి సరిగ్గా అడ్డంగా ఉంది. తలుపులన్నీ బిగించి ఉన్నాయి. దాని తాళం మరిదిగారి జేబులో గోదావరి దాటుతోంది. ఆయన తిరిగొచ్చేది సాయంత్రానికి. వెనక పదిహేను బండ్లు, లెక్కలేనన్ని మోటారుసైకిళ్లు, ఒక కొబ్బరి ట్రాక్టరు.

అందరూ నా చుట్టూ మూగారు.

"మీరు మెకానిక్కు కదండీ! తలుపు తీసి పక్కకి లాగెయ్యండి!"

"ఏదో ఒకటి చెయ్యవయ్యా!"

చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నించున్నాను.

"నేనేమీ చెయ్యనండి" అన్నాను. "ముందు ఆయనకి ఫోన్ చేసి అడుగుదాం."